పెరటి కోడి తాగునీరు: మనం కొలవని ఉష్ణోగ్రత

ఇటీవల ఒక స్నాతకోత్తర విద్యార్థి ఆత్మకూరు రెవెన్యూ డివిజన్‌లోని పెరటి కోళ్ల పెంపకందారుల కోసం ఒక కరపత్రం రూపొందించి, పరిశీలనకై నా బల్లపై ఉంచాడు. భాష సరళంగా ఉంది, బొమ్మలు కూడా బాగున్నాయి. అయితే ‘శీతాకాల యాజమాన్యం’ అన్న శీర్షిక కింద మొదటి వాక్యమే నన్ను ఆపివేసింది. రాత్రివేళ తాగునీరు గడ్డకట్టకుండా నీటి పాత్రలకు వేడి కల్పించాలట. ‘వేసవి యాజమాన్యం’ కింద నీటిని గురించి ఉన్నది ఒకే ఒక్క మాట: చల్లని, పరిశుభ్రమైన నీటిని సమృద్ధిగా అందించాలి. నేను అతనిని పిలిచి, “ఆత్మకూరులో నీళ్లు గడ్డకట్టడం ఎప్పుడైనా చూశావా నాయనా?” అని అడిగాను. ఆ ప్రాంతంవాడే. తల వంచుకొని, “లేదు సార్, చదివిన పుస్తకంలో అలా ఉంది” అన్నాడు.

అతనిని తప్పుపట్టడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఆ పుస్తకాలను చదవమని చెప్పినది మనమే. శీతాకాలపు నీటికి పూర్తి వాక్యం, వేసవి నీటికి ఒక్క విశేషణం కేటాయించే అలవాటు కూడా మన నుంచే అతనికి వచ్చింది.

ఆత్మకూరు అనగానే కొందరు పాఠకులకు నెల్లూరు జిల్లాలోని ఊరు స్ఫురించవచ్చు. నేను ప్రస్తావిస్తున్నది నంద్యాల జిల్లాలో నల్లమల అంచున ఉన్న ఆత్మకూరు. ఒకవైపు అడవి, బైర్లూటి, నాగలూటి వంటి చెంచు గూడేలు. మరొకవైపు వెలుగోడు మీదుగా నంద్యాల వరకు పరచుకున్న నల్లరేగడి పొలాలు. పుష్య మాసంలో తెల్లవారుజామున దుప్పటి కప్పుకోవలసిన చలి ఉంటుంది కాని, నీరు గడ్డకట్టే ప్రశ్నే లేదు. ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం వరకు మాత్రం మధ్యాహ్నపు ఉష్ణోగ్రత 42, 44 డిగ్రీలకు చేరడం ఇక్కడ సాధారణ విషయం.

మంచు దేశాలలో ఆ సలహా ఎంతో విలువైనదని ఒప్పుకోవాలి. అమెరికా ఉత్తర రాష్ట్రాలలో, కెనడాలో, మన దేశంలోనే లడఖ్‌లో కోళ్లను పెంచేవారికి శీతాకాలంలో మేత కన్నా నీరే పెద్ద సమస్య. ఒక గ్రాము మంచును నీరుగా మార్చడానికి 80 కేలరీల వేడి కావాలి. కోడి మంచును పొడిచి దప్పిక తీర్చుకుంటే ఆ వేడి దాని శరీరం నుంచే పోతుంది. నీరు అందకపోతే మేత తినడం తగ్గుతుంది, గుడ్లు ఆగిపోతాయి. అందువల్ల అక్కడివారు పాత్ర అడుగున విద్యుత్తుతో వేడి కల్పిస్తారు, లేదా మంచు గడ్డను తేలికగా విదిలించడానికి వీలైన రబ్బరు తొట్లు వాడి, రోజుకు రెండు మూడు సార్లు నీరు మారుస్తారు. మన రాష్ట్రంలో ఈ సలహాకు కాస్త చోటున్నది లంబసింగి, చింతపల్లి, పాడేరు కొండలలోనే. అక్కడ డిసెంబరు, జనవరి మాసాలలో ఉష్ణోగ్రత సున్నాకు చేరువగా పడిపోయే తెల్లవారుజాములు ఉన్నాయి. అక్కడ కూడా రాత్రి పాత్ర ఖాళీ చేసి, ఉదయం బావి నీరు పోస్తే సరిపోతుంది. ఇక బ్రూడర్ కింద ఉన్న చిన్న పిల్లలకు మొదటి వారంలో గోరువెచ్చని నీరు ఇవ్వడమన్నది ఏ ప్రాంతానికైనా వర్తించే విషయం; దానిని శీతాకాలంతో ముడిపెట్టనవసరం లేదు.

మంచు దేశపు రైతు అడిగే ప్రశ్న మాత్రం మనకూ పనికివస్తుంది. కోడి ముందు నీరు ఉన్నదా అని అతడు అడగడు. కోడి తాగగలిగే స్థితిలో నీరు ఉన్నదా అని అడుగుతాడు. ఆత్మకూరులో మే నెల మధ్యాహ్నం మనం అడగవలసినది కూడా అదే. ఇన్నేళ్లుగా మనం అడగలేదు. నేనూ అడగలేదు.

కొన్నేళ్ల కిందట, సమీకృత వ్యవసాయ వ్యవస్థల క్షేత్ర ప్రదర్శనలో భాగంగా, ఈ ప్రాంతంలోని ఒక గ్రామంలో కొన్ని కుటుంబాలకు మెరుగైన పెరటి రకం కోళ్లను అందజేశాము. చలికాలమంతా అవి చక్కగా పెరిగాయి. మాఘం దాటేసరికి కొన్ని ఇళ్లలో గుడ్లు మొదలయ్యాయి. మే నెలలో వరుసగా చనిపోయాయి. మా నివేదికలో ‘వడదెబ్బ కారణంగా మరణాలు, ఈ రకం ఈ ప్రాంతపు వేసవికి అంతగా అనుకూలం కాదని భావించవచ్చు’ అని రాసి, కింద నేనే సంతకం చేశాను. తరువాతి వేసవిలో మట్టి నమూనాల పని మీద అదే ఊరికి వెళ్లినప్పుడు, మిగిలిన రెండు కోళ్లు ఒక ఇంటి గోడ నీడలో ముక్కు తెరచుకొని, రెక్కలు దూరంగా పెట్టుకొని రొప్పుతూ కనిపించాయి. నాలుగు అడుగుల దూరంలో నిండుగా నీళ్లున్న ప్లాస్టిక్ తొట్టి ఉంది. మిద్దె మీద ఉన్న నల్లటి ట్యాంకు నుంచి పైపు ద్వారా ఆ తొట్టిలోకి నీరు వస్తోంది. ఆ ఇంటి పెద్దావిడను, “అవ్వా, నీళ్లు నిండుగా ఉన్నాయి కదా, తాగవెందుకు?” అని అడిగాను. “సామీ, ఆ నీళ్లతో మొగం కడుక్కుంటే కాలుతుంది. నేను నా కడవలో నీళ్లు తాగుతా. కోళ్లకు కడవ ఎవరు పెట్టినారు?” అన్నది.

నా సంచిలో నేల ఉష్ణోగ్రత కొలిచే ఉష్ణమాపకం ఉంది. తొట్టిలో పెట్టి చూస్తే పాదరసం 40 దాటి, కోడి శరీరపు ఉష్ణోగ్రతకు దాదాపు సమానంగా నిలిచింది. మా నివేదికలో మేత గ్రాములలో ఉంది, శరీర బరువు ఉంది, గుడ్ల సంఖ్య ఉంది, గాలి ఉష్ణోగ్రత కూడా ఉంది. ఈ ఒక్క అంకె లేదు. ఆ కోళ్లు వేడి నీటి వల్లనే చనిపోయాయని నేను అనను. ఆ ఎండకు చల్లని నీరున్నా కొన్ని చనిపోయేవి. కాని, తాగలేని నీటిని ముందు పెట్టి, ఆ రకం ఈ ప్రాంతానికి తగదని తీర్పు చెప్పే అధికారం మాకు లేదు. ఆ వాక్యాన్ని ఇక్కడ ఉపసంహరించుకుంటున్నాను.

ఇందులోని శారీరక శాస్త్రం విద్యార్థులకు తెలిసినదే అయినా, అంకెలతో చెప్పుకోవడం మంచిది. కోడి శరీర ఉష్ణోగ్రత 41 నుంచి 42 డిగ్రీలు. దానికి స్వేద గ్రంథులు లేవు. గాలి చల్లగా ఉన్నంతకాలం తురాయి, తమ్మెలు, కాళ్ల ద్వారా వేడి బయటకు పోతుంది. గాలి ఉష్ణోగ్రత శరీర ఉష్ణోగ్రతను సమీపించిన కొద్దీ ఆ దారి మూసుకుపోతుంది. మిగిలేది ఒకే దారి: రొప్పడం ద్వారా ఊపిరితిత్తుల నుంచి, గొంతు నుంచి నీటిని ఆవిరి చేయడం. ఒక గ్రాము నీరు ఆవిరైతే సుమారు 575 కేలరీల వేడి పోతుంది. ఇది ఎంతో సమర్థమైన ఏర్పాటు, కాని ప్రతి గ్రాము నీటినీ తిరిగి తాగాలి. ఓ మోస్తరు వాతావరణంలో మేత బరువుకు రెండింతలు నీరు తాగే కోడికి, తీవ్రమైన ఎండలో నాలుగింతలు కూడా అవసరమవుతుంది. సరిగ్గా ఆ సమయంలోనే తొట్టిలో నీరు 30 డిగ్రీలు దాటి పైకి పోతూ ఉంటుంది, కోడి తాగడం తగ్గిస్తూ ఉంటుంది.

చల్లని నీరు కడుపులోకి పోయి నేరుగా కలిగించే మేలును కూడా లెక్కించవచ్చు. 40 డిగ్రీల నీటికి బదులు 20 డిగ్రీల నీటిని కోడి 300 మిల్లీలీటర్లు తాగిందనుకుందాం. దానివల్ల శరీరం నుంచి అదనంగా పీల్చుకునే వేడి 6,000 కేలరీలు. అంటే సుమారు పది గ్రాముల నీరు రొప్పి ఆవిరి చేసినంత. ఇది చిన్నదేమీ కాదు, అలాగని అద్భుతమూ కాదు. అసలు లాభం చల్లదనంలో కన్నా తాగిన పరిమాణంలో ఉంది. నీరు తాగబుద్ధి అయ్యే ఉష్ణోగ్రతలో ఉంటే కోడి తనకు కావలసినంత తాగి, కావలసినంత రొప్పి బతుకుతుంది. అందుచేత మంచు గడ్డలు కొని తొట్టిలో వేయమన్న సలహా నాకు నచ్చదు. పది నిమిషాలలో కరిగిపోయే మంచు కన్నా, రోజంతా 27, 28 డిగ్రీల వద్ద నిలిచే నీరు మేలు.

అలా నిలిచే నీరు ఆత్మకూరులో సాధ్యమా? సాధ్యమే. పైగా కోస్తాలో కన్నా ఇక్కడే సులభం. ఈ విషయం మన కరపత్రాలలో ఎక్కడా కనిపించదు. మట్టి కుండ నీటిని చల్లబరిచేది గోడల నుంచి ఊరిన తేమను ఆవిరి చేసి. అది ఎంత చల్లబరచగలదో దానికి గాలిలోని తేమ హద్దు గీస్తుంది. ఆ హద్దే తడి బల్బు ఉష్ణోగ్రత. గాలి 42 డిగ్రీలు ఉండి, సాపేక్ష ఆర్ద్రత 20 శాతం ఉన్న మధ్యాహ్నం ఆ హద్దు సుమారు 24 డిగ్రీలు. కుండ ఆ హద్దుకు నాలుగైదు డిగ్రీల పైన ఆగిపోయినా నీరు కోడికి తాగదగినదే. అదే కోస్తాలో గాలి 38 డిగ్రీలు, ఆర్ద్రత 60 శాతం ఉన్న రోజున హద్దు 31 డిగ్రీలు. అక్కడ కుండ ఎంత కష్టపడినా 31 కిందికి తేలేదు. మచిలీపట్నంలో మట్టి కుండను సిఫారసు చేయడమూ, ఆత్మకూరులో చేయకపోవడమూ రెండూ పొరపాట్లే. ఆత్మకూరు ఎండలో ఉన్న ఆ పొడిదనమే కోడి ఒంటిలోని నీటిని లాగేస్తుంది, అదే కుండలోని నీటిని చల్లబరుస్తుంది.

మన ఊళ్లలో ఈ జ్ఞానం కొత్తది కాదు. ప్రతి వేసవిలో చలివేంద్రం పెడతాము. పందిరి వేసి, కింద ఇసుక పోసి తడిపి, దానిపై కుండలు దించి, చుట్టూ తడి గుడ్డ చుడతాము. బాటసారికి ఇంత శ్రద్ధ చూపే ఊరిలో కోడికి రేకు పళ్లెంలో, ఎండలో నీళ్లు పెడతాము. చేయవలసినది చలివేంద్రాన్ని కోళ్ల గూటి పక్కకు కాస్త చిన్నదిగా తేవడమే: వేప చెట్టు నీడలోనో, జొన్న చొప్ప కప్పిన చిన్న పందిరి కిందనో, గాలి ఆడే చోట, తడి ఇసుకపై వెడల్పు మూతి గల మట్టి పాత్ర. దానిలో రాత్రి నీరు పోసి పెడితే తెల్లవారుజామున చల్లదనంతో రోజు మొదలవుతుంది.

అయితే కుండను పొగిడి ఊరుకుంటే అది శాస్త్రం కాదు. ఈ ప్రాంతపు బోరు నీటిలో చాలా చోట్ల లవణాలు ఎక్కువ. కుండ వెలుపల తెల్లటి పొర కట్టి, రంధ్రాలు పూడుకుపోయి, ఒకటి రెండు వేసవులలో అది ప్లాస్టిక్ తొట్టితో సమానమవుతుంది. వెలుపలి గోడ చెమర్చడం ఆగిందంటే కుండ పని అయిపోయినట్లే. లోపల పాకుడు పట్టకుండా ప్రతిరోజూ కొబ్బరి పీచుతో రుద్దాలి. ప్రదర్శన కోసం కుండలకు రంగులు పూసి శాఖ పేరు రాయించే ముచ్చట మనకు ఉంది. రంగు పూసిన కుండ చెమర్చదు. వీటన్నిటికన్నా పెద్ద విషయం మనిషి శ్రమ. మండు వేసవిలో ఇరవై పెద్ద కోళ్లకు రోజుకు పది లీటర్ల వరకు నీరు కావాలి, కుండ నుంచి ఆవిరయ్యేది అదనం. నీటి కోసం నడవవలసిన గూడెంలో అది ఒక ఆడమనిషి నెత్తిన ఇంకొక కడవ. మన సిఫారసులలో ఆ కడవ బరువు కూడా రాయాలి. పది కోళ్లే ఇవ్వడం మేలా, ఇరవై ఇవ్వడం మేలా అన్నది మేతను బట్టి కాక నీటిని బట్టి నిర్ణయించవలసిన ఊళ్లు ఉన్నాయి.

ట్యాంకు, పైపు ఉన్నవారి సంగతి వేరు. ఎండలో ఉన్న నల్ల ట్యాంకులోని నీరు మధ్యాహ్నానికి గాలి కన్నా వేడెక్కగలదు. దానికి సున్నం పూసి, పైన జొన్న చొప్ప పందిరి వేయడం అందరికీ అందుబాటులో ఉన్న పని. పైపును నేలలో పాతిపెట్టమని సలహా ఇచ్చేవారు మాత్రం ఇక్కడి నేలను గుర్తుంచుకోవాలి. నేల ఉపరితలంపై పగటికీ రాత్రికీ మధ్య ఉండే ఉష్ణోగ్రతా వ్యత్యాసంలో 30 సెంటీమీటర్ల లోతుకు చేరేది పదో వంతు కూడా ఉండదు. అది నిజమే. కాని నల్లరేగడి వేసవిలో పగుళ్లు తీస్తుంది. ఆ పగుళ్ల గుండా వేడి గాలి లోతుకు దిగుతుంది. నేల ముడుచుకొని, వానకు ఉబ్బి, పైపు అతుకులను లాగివేస్తుంది. నంద్యాల వైపు రైతులకు ఇది అనుభవమే. పగుళ్ల పొలంలో కాక, ఇంటి నీడ పడే పెరటిలో, చుట్టూ ఇసుక నింపి పైపు వేస్తే కొంత ఫలితం ఉంటుంది. అయినా మే నెలలో ఆ లోతున నేల కూడా అప్పటికే వేడెక్కి ఉంటుంది. పాతిన పైపు మధ్యాహ్నపు శిఖరాన్ని కోస్తుందే తప్ప నీటిని చల్లబరచదు. లోతైన బోరు నుంచి అప్పుడే తోడిన నీరు సాధారణంగా ట్యాంకు నీటి కన్నా చల్లగా ఉంటుంది కనుక, మధ్యాహ్నం ఒకసారి పైపులోని పాత నీటిని చెట్లకు వదిలి, తాజా నీటితో తొట్టి నింపడం ఏ ఖర్చూ లేని పని.

టీకా సంగతి ఇక్కడ చెప్పకపోతే విషయం సగమే అవుతుంది. కొక్కెర తెగులుకు లసోటా టీకాను గ్రామాలలో ఎక్కువగా తాగునీటితోనే ఇస్తాము. అది సజీవ వైరస్. వేడికి, పంచాయతీ నీటిలోని క్లోరిన్‌కు అది నిలవదు. సీసాను మంచు పెట్టెలో భద్రంగా ఊరి దాకా తీసుకుపోయి, పదకొండు గంటలకు ట్యాంకు నీటిలో కలిపి పోయడం నేను కళ్లారా చూశాను. రిజిస్టరులో టీకా పడింది. కోడికి పడిందో లేదో చెప్పలేము. కుండలో రాత్రంతా చల్లబడిన, క్లోరిన్ లేని నీటిలో కాస్త వెన్న తీసిన పాలపొడి కలిపి, సూర్యోదయానికి ముందే ఇచ్చి, గంట రెండు గంటలలో తాగించడమే సరైన పద్ధతి. మేత విషయంలోనూ ఇంతే. మధ్యాహ్నం తిన్న మేత అరిగేటప్పుడు పుట్టే వేడి, ఎండ వేడికి తోడవుతుంది. ఉదయం, సాయంత్రం మేత పెట్టి, నడిపొద్దున నీరు మాత్రమే ఉంచాలి.

సేద్య శాస్త్ర విభాగం వానికి కోళ్ల నీళ్లతో ఏమి పని అని కొందరు మిత్రులు అడుగుతారని తెలుసు. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు పశువైద్యమూ సేద్యమూ ఒకే గొడుగు కింద ఉండేవి. 2005లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఆ విభజన పశువైద్య విద్యకు మేలే చేసింది. కాని రైతు పెరడు విడిపోలేదు. కోడి ఒక విశ్వవిద్యాలయానికి, నేల మరొక దానికి చెందితే, ఆ రెంటి మధ్య ఉన్న నీటి తొట్టి ఎవరికీ చెందకుండా పోయింది. ఆవిరి, నేల ఉష్ణోగ్రత, తడి బల్బు అంకెలు మా విభాగంలో రోజూ నమోదయ్యేవే. వాటిని పైరుకు నీటి తడులు లెక్కించడానికి వాడుతున్నాము. కోడికి ఏ పాత్ర తగునో చెప్పడానికి వాడటం లేదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. పెరటి కోళ్లపై జరిగే ఏ క్షేత్ర పరీక్షలోనైనా, మధ్యాహ్నం రెండు గంటలకు కోడి ముక్కు పెట్టే చోట నీటి ఉష్ణోగ్రతను నమోదు చేయకుండా వేసవి మరణాల ఫలితాలను ప్రచురణకు అంగీకరించరాదు. హైదరాబాదులోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి రకాలను మన నాటు కోళ్లతో, అసీల్‌తో పోల్చేటప్పుడు ఇది మరింత అవసరం. బరువైన కోడికి వేడిని వదిలించుకోవడం కష్టం. దానికి ఎక్కువ నీరు కావాలి. పైగా ఇంటి చుట్టూ తిరిగే నాటు కోడి బావి గట్టున, పశువుల కుడితి తొట్టి వద్ద చల్లటి చెమ్మ వెతుక్కుంటుంది. మనం ఇచ్చిన కోడి మనం పెట్టిన తొట్టినే నమ్ముకుంటుంది. ఈ తేడాను కొలవకుండా రకం గుణమని రాస్తే, నేను చేసిన పొరపాటే మరొకరు చేస్తారు. ఆ పొరపాటు ఫలితంగా పథకం ఆగిపోతే నష్టపోయేది గుడ్ల డబ్బుతో పిల్లల పుస్తకాలు కొనే తల్లి.

నంద్యాలలో 1906 నుంచి పనిచేస్తున్న పరిశోధనా స్థానం ఉంది, యాగంటిపల్లెలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. ఈ పనికి పెద్ద పథకం అవసరం లేదు. ఒకే ఊరిలో కొన్ని ఇళ్లలో ఎండలోని ప్లాస్టిక్ తొట్టి, కొన్నింటిలో నీడలోని ప్లాస్టిక్ తొట్టి, మరికొన్నింటిలో నీడలోని మట్టి పాత్ర; అవే కోళ్లు, అదే మేత. రెండు వేసవులు నీటి వేడిని, తాగిన పరిమాణాన్ని, గుడ్లను, మరణాలను, నీరు మోసిన శ్రమను రాస్తే చాలు. నీడ ఒక్కటే చాలునని తేలవచ్చు, కుండ అక్కరలేదని తేలవచ్చు. అలా తేలితే సంతోషమే; ఒక కడవ మోత తగ్గుతుంది.

ఆ విద్యార్థి కరపత్రాన్ని తిరిగి రాసి తెచ్చాడు. గడ్డకట్టే నీరు పోయింది. వేసవి నీటికి ఒక పుట వచ్చింది, కుండ బొమ్మతో. బొమ్మలో కుండకు ఎర్ర రంగు, తెల్ల ముగ్గు వేసి ఉన్నాయి. అది మార్చమని చెప్పి పంపాను. వైశాఖంలో మేమిద్దరం ఉష్ణమాపకం తీసుకొని ఆ అవ్వ ఇంటికి వెళ్లాలని అనుకుంటున్నాము.